25 నిమిషాల పని, 97 రోజుల పని

పోటీ పరీక్షలకు చదువుకుంటున్న తిరుపతి విద్యార్థి ఒకరు ఈ ప్రశ్న అడిగారు: "ఆపరేషన్ సిందూర్ తరువాత మా గదిలో రోజూ ఇదే వాదన. సైన్యానికి పూర్తి స్వేచ్ఛ ఇస్తే ఆరు నెలల్లో ఉగ్రవాదం అంతమవుతుందని నా మిత్రుడు అంటాడు. తుపాకీతో ఏ సమస్యా తీరలేదని మా మేనమామ అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఈ రంగంలోనే పనిచేయాలని ఉన్న నాబోటివాడు సైన్యంలో చేరాలా, పోలీసు శాఖలో చేరాలా?" నేను సైన్యంలో 26 ఏళ్ళు పనిచేశాను. అందులో రెండు విడతలు, ఉగ్రవాదుల ఏరివేతకు ఏర్పడిన సైనిక విభాగం రాష్ట్రీయ రైఫిల్స్‌తో, ఉత్తర కాశ్మీర్‌లోని కుప్వారా జిల్లాలో గడిపాను. పదవీ విరమణ తరువాత తిరుపతిలోనే స్థిరపడ్డాను. ఈ ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నా మనసుకు ఒప్పుకోదు కాబట్టి కొంచెం విస్తరంగానే రాస్తున్నాను.

ముందుగా మీరు ప్రస్తావించిన సంఘటనలోనే ఉన్న రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గరి బైసరన్ మైదానంలో ముష్కరులు 26 మందిని కాల్చి చంపారు. మే 7న అర్ధరాత్రి దాటాక 1 గంట 5 నిమిషాల నుంచి 1 గంట 30 నిమిషాల వరకు, అంటే 25 నిమిషాలలో, మన సేనలు పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్, మురీద్కేలతో సహా 9 ఉగ్రవాద స్థావరాలను దెబ్బతీశాయి. బైసరన్‌లో స్వయంగా తుపాకులు పేల్చిన ముగ్గురు మాత్రం జూలై 28న, శ్రీనగర్ శివార్లలోని దాచిగాం అడవుల్లో, ఆపరేషన్ మహాదేవ్‌లో హతమయ్యారు. హత్యాకాండ జరిగిన రోజు నుంచి లెక్కిస్తే అప్పటికి 97 రోజులు గడిచాయి. ఆ 97 రోజులలో వారికి ఆశ్రయం ఇచ్చిన స్థానికులిద్దరిని జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ గుర్తించి అరెస్టు చేసింది. సైన్యం, సీఆర్పీఎఫ్, జమ్మూ కాశ్మీర్ పోలీసులు కలిసి అడవిని వారాల తరబడి జల్లెడ పట్టారు. చివరకు చనిపోయినవారి దగ్గర దొరికిన తుపాకులనూ, బైసరన్‌లో ఏరిన ఖాళీ తూటాలనూ చండీగఢ్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పోల్చి చూసిన తరువాతే వారే వీరని ప్రభుత్వం ప్రకటించింది. దేశం వెలుపల ఉన్న కట్టడాలను పడగొట్టడం 25 నిమిషాల పని అయితే, దేశం లోపల దాగిన ముగ్గురు మనుషులను పట్టుకోవడం 97 రోజుల పని అయింది. మీ ప్రశ్నకు జవాబంతా ఈ రెండు లెక్కల మధ్యనే ఉంది. సైనిక బలం ఎదుట ఉన్న లక్ష్యం ఒక స్థలమా, ఒక ప్రభుత్వమా, లేక జనంలో కలిసిపోయిన మనిషా అన్నదానిని బట్టి దాని శక్తి పూర్తిగా మారిపోతుంది.

స్థలం విషయంలో సైన్యానికి సాటి వచ్చేది మరొకటి లేదు. ఉగ్రవాద సంస్థ ఒక భూభాగాన్ని పట్టుకొని, జెండా ఎగరేసి, పన్నులు వసూలు చేసే దశకు చేరితే దాన్ని అక్కడి నుంచి తొలగించగలిగింది సైన్యమే. 2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్ నగరాన్ని ఆక్రమించిన ఐసిస్‌ను పోలీసు స్టేషన్లతో తరిమికొట్టడం ఎవరివల్లా అయ్యేది కాదు. దాని కోసం 2016 అక్టోబరు నుంచి 2017 జూలై వరకు ఇంటింటా పోరాడవలసి వచ్చింది. ఈ విషయంలో మీ మేనమామ గారి మాట నిలవదు. ఆ యుద్ధం జరగకపోతే యజీదీ అనే మైనారిటీ వర్గం స్త్రీలను సంతలో అమ్మిన పాలన మరెంత కాలం సాగేదో ఊహించడానికే భయం వేస్తుంది.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ శ్రీలంక. చిత్తూరు నుంచి చెన్నై వెళ్ళే దారిలో శ్రీపెరుంబుదూరు దాటిన ప్రతిసారీ నాకు 1991 మే 21 గుర్తుకు వస్తుంది. రాజీవ్ గాంధీ హత్యకు మానవ బాంబును పంపిన తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈ అప్పటికే సొంత నౌకాదళం నడుపుతున్న సంస్థ, తరువాతి కాలంలో చిన్నపాటి విమానదళాన్ని కూడా సమకూర్చుకుంది. అంతకు ముందు 1987 నుంచి 1990 వరకు మన శాంతిపరిరక్షక దళం అక్కడ దాదాపు 1,200 మంది సైనికులను పోగొట్టుకొని తిరిగి వచ్చింది. అదే సంస్థను శ్రీలంక సైన్యం 2009 మే నెలలో పూర్తిగా తుడిచిపెట్టింది. సైనిక పరిష్కారం సాధ్యమేనని వాదించేవారు అందరూ దీన్నే చూపిస్తారు, చూపించడం సబబే. అయితే ఆ విజయం ఎలా వచ్చిందో కూడా చూడాలి. 2004లోనే తూర్పు ప్రాంత నాయకుడు కరుణ తన అనుచరులతో సహా విడిపోయాడు. 2006లో యూరోపియన్ యూనియన్ నిషేధంతో విదేశీ చందాలకు గండి పడింది. సముద్రంలో ఆయుధాలు దాచిన ఓడలను శ్రీలంక నౌకాదళం వెతికి వెతికి ముంచింది. ఇవన్నీ అయ్యాక, తప్పించుకునే దారి లేని చిన్న తీరప్రాంతంలో, ఎల్‌టీటీఈ తానూ ఒక సైన్యం మాదిరిగానే ఎదురు నిలిచి పోరాడింది కాబట్టి సైన్యం చేతికి చిక్కింది. ఆఖరి నెలలలో 40,000 మంది వరకు పౌరులు చనిపోయి ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో పేర్కొంది. ఆ లెక్కను కొలంబో అంగీకరించలేదు. కానీ ఆ తీరంలో పిల్లలను వెతుక్కుంటున్న తల్లులు ఈనాటికీ ఉన్నారు, వారి ఊసు ఎత్తకుండా ఆ గెలుపును మెచ్చుకోవడం నాకు చేతకాదు.

అదే శ్రీలంకలో పదేళ్ళ తరువాత ఏం జరిగిందో మీరు తప్పక చదవండి. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం ఉదయం, చర్చిలలోనూ పెద్ద హోటళ్ళలోనూ ఆత్మాహుతి బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోయారు. ఐసిస్ తన చివరి ఊరైన బాఘూజ్‌ను సిరియాలో కోల్పోయి అప్పటికి నెల రోజులే అయింది. భూమి పోయింది గాని ఆ పేరు చెప్పుకొని చంపడానికి సిద్ధమైన స్థానిక బృందం వేల మైళ్ళ దూరాన పుట్టుకొచ్చింది. యుద్ధంలో ఆరితేరిన, విజయగర్వంతో ఉన్న సైన్యం ఆ ద్వీపంలోనే ఉంది. భారత నిఘా సంస్థలు ఏప్రిల్ తొలి వారంలోనే హెచ్చరిక పంపాయి. ఆ కాగితం ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి వెళ్ళిందే తప్ప చర్చి గుమ్మం దాకా రాలేదు. ఆ నిర్లక్ష్యానికి బాధ్యుడని 2023 జనవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేన చేత 10 కోట్ల శ్రీలంక రూపాయల నష్టపరిహారం కట్టించాలని తీర్పు ఇచ్చింది. 2009లో కావలసింది ఫిరంగి. 2019లో కావలసింది ఆ కాగితాన్ని చదివి ఫోను ఎత్తే ఒక అధికారి.

ఇక రెండో లక్ష్యం, ఉగ్రవాదాన్ని పోషించే ప్రభుత్వం. మన దేశానికి ఇదే ముఖ్యమైన సమస్య కాబట్టి ఇక్కడ మన అనుభవాన్నే తీసుకుందాం. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి జరిగిన తరువాత ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో మొత్తం సైన్యాన్ని సరిహద్దుకు తరలించారు. అలా తరలించడానికే సుమారు మూడు వారాలు పట్టింది. ఆలోగా ప్రపంచ దేశాలు మధ్యలోకి వచ్చాయి, 2002 జనవరి 12న పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ టీవీలో ప్రసంగించి లష్కరే తోయిబా, జైషే మొహమ్మద్‌లను నిషేధిస్తున్నట్టు చెప్పారు, ఆ సంస్థలు కొత్త పేర్లతో మళ్ళీ పని మొదలుపెట్టాయి. సైన్యమంతా సరిహద్దులో మోహరించి ఉండగానే 2002 మే 14న జమ్మూ దగ్గర కాలూచక్‌లో ఉగ్రవాదులు సైనిక కుటుంబాల క్వార్టర్లలోకి చొరబడి స్త్రీలనూ పిల్లలనూ చంపారు. పది నెలల తరువాత, యుద్ధం చేయకుండానే, మందుపాతరల ప్రమాదాలలోనూ ఇతర ప్రమాదాలలోనూ వందలాది జవాన్లను పోగొట్టుకొని వెనక్కి వచ్చాం. బలం ఎంత పెద్దదైనా, దాన్ని దేనికి వాడదలచుకున్నామో నిర్ణయించుకోకుండా కదిలిస్తే ఎదుటివాడు మన ఖర్చును లెక్కపెడుతూ కూర్చుంటాడని ఆ ఏడాది మాకు తెలిసివచ్చింది.

ఆ పాఠం నుంచే తరువాతి మార్గం పుట్టింది. 2016 సెప్టెంబరులో ఉరీలో మన సైనికులు చనిపోయినప్పుడు పదకొండు రోజులలోగా నియంత్రణ రేఖ దాటి సర్జికల్ స్ట్రైక్స్ చేశారు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు బలైనప్పుడు ఫిబ్రవరి 26న వాయుసేన బాలాకోట్‌ను కొట్టింది. 2025లో పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రం నడిబొడ్డున ఉన్న స్థావరాలనే ఎంచుకున్నారు. అణ్వాయుధాల నీడలో కూడా పరిమితమైన దెబ్బ తీయడానికి చోటు ఉందని ఈ మూడూ నిరూపించాయి. నేను పనిచేసిన రోజులలో ఆ చోటు లేదనే మా పై అధికారులు నమ్మేవారు, ఎదుటి పక్షం ఆ నమ్మకాన్నే కవచంగా వాడుకునేది. ఆ కవచం పోవడం చిన్న విషయం కాదు. మీ మిత్రుడి ఉత్సాహానికి ఇక్కడ సరైన ఆధారమే ఉంది.

కానీ ఈ దెబ్బ వల్ల కలిగేదేమిటో, కలగనిదేమిటో విడదీసి చూడాలి. పోషకుడి ఖర్చు పెరుగుతుంది, శిబిరాలు సరిహద్దుకు దూరంగా జరుగుతాయి, తరువాతి కుట్రకు అనుమతి ఇచ్చే అధికారి రెండుసార్లు ఆలోచిస్తాడు. దీనివల్ల మనకు కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధి ఎంతో ఎవరూ ముందుగా చెప్పలేరు. ప్రతి సారీ గతసారి కంటే పెద్ద దెబ్బ తీయవలసి వస్తుంది, ఏదో ఒక మెట్టు దగ్గర అది ఉగ్రవాదంపై చర్య కాకుండా రెండు దేశాల మధ్య యుద్ధమైపోతుంది. 2025 మే 7 నుంచి 10 వరకు నాలుగు రోజులలో డ్రోన్లు, క్షిపణులు, పూంఛ్ ఇళ్ళ మీద పడిన ఫిరంగి గుండ్లు చూశాం. మన రాయలసీమకే చెందిన యువ జవాను ఒకరు నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం అర్పించారు. ఆయన పార్థివ దేహం ఊరికి చేరిన రోజు ఎంత మంది జనం రోడ్డు మీద నిలబడ్డారో మనం మరిచిపోకూడదు.

తుపాకీ లేకుండా పోషకుడి ఖర్చు పెంచే మార్గం కూడా ఉంది, దానికి మన పత్రికలలో దొరికే చోటు తక్కువ. 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు వరకు పాకిస్తాన్‌ను, ఉగ్రవాదానికి అందే నిధులపై కన్నేసి ఉంచే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్, గ్రే లిస్టులో (అదనపు నిఘా జాబితాలో) ఉంచింది. ఆ ఒత్తిడి ఉన్న కాలంలోనే, 2020లో, లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్‌కు ఉగ్రవాద నిధుల కేసులో అక్కడి కోర్టు శిక్ష వేసింది. దశాబ్దాల పాటు ఎన్ని దౌత్య లేఖలు రాసినా జరగనిది, బ్యాంకు ఖాతాల దారి మూసుకుపోతుందనే భయంతో జరిగింది. లిస్టు నుంచి బయటపడ్డాక ఆ భయం ఎంత మిగిలిందన్నది వేరే సంగతి.

మూడో లక్ష్యం, జనంలో కలిసిపోయిన మనిషి. ఇక్కడే సైన్యం బలం తగ్గుతుంది, ఒక్కొక్కసారి ఎదురు తిరుగుతుంది. నా సొంత తప్పు ఒకటి చెబుతాను. నేను మేజర్‌గా ఒక కంపెనీని నడుపుతున్న రోజులలో ఒక చలికాలం రాత్రి, ఫలానా ఊళ్ళో అక్రోటు చెట్టు పక్కన ఉన్న రెండంతస్తుల ఇంట్లో ఇద్దరు మిలిటెంట్లు దిగారని కబురు వచ్చింది. ఆ కబురు ఒక గొర్రెల కాపరి కాశ్మీరీ భాషలో ఒక దుకాణదారుకు చెప్పినది, ఆ దుకాణదారు ఉర్దూలో మా మనిషికి చెప్పినది, అతడు హిందీలో నాకు చెప్పినది. ఆ ఊళ్ళో అక్రోటు చెట్టు లేని ఇల్లు లేదని తెల్లవారితే గాని నాకు తెలియలేదు. రాత్రి మూడు గంటలకు ఒక ఇంటిని చుట్టుముట్టి తలుపు విరగ్గొట్టాం. లోపల ముసలి దంపతులు, కోడలు, చంటిబిడ్డ ఉన్నారు. సోదా ముగిసేదాకా రెండు గంటల సేపు వారిని మంచులో నిలబెట్టాం. మర్నాడు వడ్రంగిని పిలిపించి తలుపు వేయించాను, స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పాను. ఆ పెద్దాయన నాకు టీ ఇచ్చారు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ తరువాత ఎనిమిది నెలల పాటు ఆ ఊరి నుంచి మాకు ఒక్క సమాచారమూ రాలేదు. అంతకు ముందు వారానికి ఒకటైనా వచ్చేది. మిలిటెంట్లు ఆ రాత్రి నాలుగిళ్ళ అవతల ఉండి నడిచి వెళ్ళిపోయారని చాలా కాలానికి తెలిసింది. ఆ ఎనిమిది నెలలలో ఆ లోయలో మా గస్తీ మీద జరిగిన దాడిలో నా జవాను ఒకరు కాలు పోగొట్టుకున్నాడు. ఊరు మాతో మాట్లాడుతూ ఉంటే అది ఆగేదో లేదో ఎవరు చెప్పగలరు? నేను మాత్రం ఆ రెండు విషయాలను విడదీసి ఎన్నడూ ఆలోచించలేకపోయాను. రెండో విడత వెళ్ళినప్పుడు పని వేరుగా మొదలుపెట్టాం. వారానికి రెండు రోజులు మా వైద్యుడు ఊళ్ళోనే కూర్చునేవాడు. సోదా అవసరమైతే ఊరి పెద్దను వెంటబెట్టుకొని, తలుపు తట్టి వెళ్ళేవాళ్ళం. ఆ విడతలో మాకు దొరికిన అతి ముఖ్యమైన సమాచారం ఒక తల్లి ఇచ్చింది. ఇంట్లో నుంచి వెళ్ళిపోయిన తన కొడుకును ప్రాణాలతో లొంగదీసుకుంటామని మాట ఇస్తేనే చెబుతానంది. మాట ఇచ్చాం, నిలబెట్టుకున్నాం.

ఉగ్రవాది కోరుకునేది మన కోపమేనని నేను శిక్షణలో ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట అర్థం 1984లో అమృత్‌సర్‌ను చూస్తే పూర్తిగా తెలుస్తుంది. స్వర్ణ దేవాలయంలో ఆయుధాలతో తిష్ఠ వేసిన ఖలిస్తానీ మిలిటెంట్లను తొలగించడానికి జూన్ మొదటి వారంలో, గురు అర్జన్ దేవ్ బలిదాన దినం కోసం వేలమంది భక్తులు వచ్చి ఉన్న సమయంలో, సైన్యాన్ని పంపారు. ట్యాంకులు ప్రాంగణంలోకి వెళ్ళాయి, సిక్కుల అత్యున్నత పీఠమైన అకాల్ తఖ్త్ శిథిలమైంది. సైనిక లక్ష్యం నెరవేరింది. అదే వారంలో కొన్ని దళాలలో సిక్కు సైనికులు తిరగబడ్డారు, అక్టోబరు 31న ఇందిరా గాంధీ హత్య జరిగింది, ఢిల్లీ వీధులలో అమాయక సిక్కులను ఊచకోత కోశారు, పంజాబ్ మరో దశాబ్దం పాటు రగిలింది. తిరుమల కొండ నీడలో పుట్టి పెరిగినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. బ్రహ్మోత్సవాల రోజున మాడ వీధులలోకి ట్యాంకు వస్తే, అది ఎంత న్యాయమైన కారణంతో వచ్చినా, మన గుండెలో ఏమవుతుందో ఒక్క క్షణం ఊహించుకోండి.

నాలుగేళ్ళ తరువాత, 1988 మే నెలలో, అదే ఆలయంలో మళ్ళీ అదే పరిస్థితి వచ్చింది. ఈసారి ఆపరేషన్ బ్లాక్ థండర్ పేరుతో పంజాబ్ పోలీసులు, ఎన్ఎస్‌జీ కమాండోలు కలిసి ప్రాంగణాన్ని చుట్టుముట్టి, నీళ్ళూ కరెంటూ ఆపి, ఎత్తయిన చోట్ల స్నైపర్లను కూర్చోబెట్టి, పత్రికల వారి కళ్ళ ముందే పది రోజులు ఓపికపట్టారు. సుమారు 200 మంది చేతులెత్తి బయటికి నడిచి వచ్చారు. గుడిలో వారు చేసిన అకృత్యాలు ప్రజలకు కనిపించాయి, వారిని వీరులుగా చూసినవారే ముఖం తిప్పుకున్నారు. అప్పుడూ తుపాకులు వాడారు కాబట్టి ఇది అహింసకు ఉదాహరణ కాదు. రాజ్యం తన బలాన్ని కొలతపెట్టి వాడితే, ఎదుటివాడి అసలు రూపం బయటపడేదాకా ఆగగలిగితే, ఫలితం ఎంత తేడాగా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి జంట సంఘటనలు నాకు ప్రపంచంలో మరెక్కడా కనిపించలేదు.

మన ఊరి అనుభవాలకు వద్దాం. 2013 అక్టోబరు 5న, తిరుమల బ్రహ్మోత్సవాల రోజులలో, అప్పటి చిత్తూరు జిల్లాలోని పుత్తూరులో ఒక అద్దె ఇంటిని పోలీసులు చుట్టుముట్టడం మీ పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ముందు రోజు చెన్నైలో పట్టుబడిన వ్యక్తి విచారణలో దొరికిన సమాచారంతో తమిళనాడు పోలీసులు వచ్చారు, ఉగ్రవాదులతో తలపడే మన పోలీసు కమాండోల ఆక్టోపస్ దళం తోడయింది. లోపల ఉన్న మహిళనూ పిల్లలనూ క్షేమంగా బయటికి తెచ్చి, గంటల తరబడి ఓపికపట్టి, ఇద్దరు నిందితులనూ ప్రాణాలతోనే పట్టుకున్నారు. తమిళనాడుకు చెందిన ఒక ఇన్‌స్పెక్టర్ తీవ్రంగా గాయపడ్డారు. ఇరుకు వీధిలో, చుట్టూ సంసారాలు ఉన్న చోట, ఒక క్షిపణి గాని ఒక పదాతి దళం గాని చేయగలిగింది ఏముంది? ప్రాణాలతో పట్టుకున్న నిందితుడు మరో పది పేర్లు చెబుతాడు, చచ్చినవాడు చెప్పడు. పుత్తూరు అంటే అందరికీ ఎముకల కట్టు గుర్తుకు వస్తుంది. కట్టు కట్టేవారిని అడగండి, కట్టు ఎముకను కదలకుండా పట్టి ఉంచుతుందని, అతుక్కోవలసింది ఎముకేనని చెబుతారు. కాశ్మీర్ లోయలో రాష్ట్రీయ రైఫిల్స్ చేసిన పని గురించి నేను ఎవరికైనా చెప్పవలసి వస్తే ఈ పోలికే వాడతాను.

అలిపిరి సంగతి ఇంకా పాతది. 2003 అక్టోబరు 1న, బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి కొండకు వెళుతున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వాహనశ్రేణిపై నక్సలైట్ సంస్థ పీపుల్స్ వార్ క్లెయిమోర్ మందుపాతరలు పేల్చింది. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రిపైనే అంతటి దాడి జరిగినా ఆ సంస్థ మీదికి సైన్యాన్ని దింపలేదు. 1989లో కె.ఎస్. వ్యాస్ నాయకత్వాన ఏర్పడిన గ్రేహౌండ్స్ పోలీసులు, ఊరూరా అల్లుకున్న నిఘా, లొంగిపోయినవారికి పునరావాసం, అడవి పల్లెలకు రోడ్లు, 2004లో హైదరాబాద్‌లో జరిగిన చర్చలు, ఆ చర్చలు విఫలమైన తరువాత మళ్ళీ నిఘా, ఇలా సాగి ఉమ్మడి రాష్ట్రంలో ఆ ఉద్యమం కొన్నేళ్ళలోనే క్షీణించింది. వ్యాస్ స్వయంగా 1993లో వారి చేతిలో హతమయ్యారు. ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘాలు లేవనెత్తిన ప్రశ్నలు చాలా వాటికి ఇప్పటికీ జవాబు లేదు, ఆ మరకను కడిగేసినట్టు మాట్లాడడం నిజాయితీ అనిపించుకోదు. అయినా ఆ పోరాటంలో పైచేయి సాధించినది ఆ నేల భాష, ఆ అడవి దారులు తెలిసిన పోలీసు అని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.

అమెరికా అనుభవం గురించి ఎక్కువ చెప్పను. 2001 అక్టోబరు 7న అఫ్గానిస్తాన్‌లో మొదలుపెట్టి రెండు నెలలలో తాలిబాన్‌ను కాబూల్ నుంచి, కాందహార్ నుంచి తరిమేశారు. అది స్థలంపై గెలుపు. 2011 మే 2న అబోటాబాద్‌లో బిన్ లాదెన్‌ను చంపారు. అది నిఘా సాధించిన గెలుపు, కమాండోలు చివరి అంకం మాత్రమే. ఆ మధ్యలో పక్క దేశంలో శత్రువుకు ఆశ్రయం దొరుకుతూనే ఉంది, కాబూల్‌లో నిలబెట్టిన ప్రభుత్వం తన కాళ్ళ మీద నిలవలేదు, 2021 ఆగస్టు 15న తాలిబాన్ తిరిగి వచ్చింది. ఇరాక్‌లో 2003లో సైన్యాన్ని ఒక్క ఉత్తర్వుతో రద్దు చేసి లక్షల మంది శిక్షణ పొందినవారిని వీధిన పడేశారు, వారిలో కొందరు తరువాత ఐసిస్ దళపతులయ్యారు. గెలిచిన మర్నాడు ఏం చేయాలో నిర్ణయించుకోని సైన్యం గురించి నేను ఇంతకంటే చెప్పవలసింది లేదు.

అమెరికాకే చెందిన రాండ్ పరిశోధన సంస్థ 2008లో, 1968 నుంచి 2006 వరకు ఉన్న 648 ఉగ్రవాద సంస్థల చరిత్రను పరిశీలించింది. అంతరించిన సంస్థలలో 43 శాతం రాజకీయ ప్రక్రియలో కలిసిపోయాయి, 40 శాతం పోలీసు, నిఘా చర్యల వల్ల ముగిశాయి, సైనిక బలంతో ముగిసినవి 7 శాతం. మీ మేనమామ గారు ఈ అంకెను చూపించి సంతోషించవచ్చు గాని, పది మంది సభ్యులున్న సంస్థనూ పదివేల మంది ఉన్న సంస్థనూ ఆ లెక్క ఒకే గాటన కట్టింది. పెద్ద సంస్థల దగ్గర సైన్యం పాత్ర తప్పనిసరి అవుతుంది. మిజోరం చూడండి. 1966 మార్చిలో మన వాయుసేన ఐజ్వాల్ మీదే బాంబులు వేసింది, ఆ గాయం మిజోల జ్ఞాపకంలో ఇప్పటికీ ఉంది. ఇరవై ఏళ్ళ పాటు సైన్యం ఆ కొండలను పట్టి ఉంచింది. చివరకు 1986 జూన్ 30న ఒప్పందం కుదిరి, తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యారు. అది నేటికీ ఈశాన్యంలో ప్రశాంతమైన రాష్ట్రాలలో ఒకటి. ఆ ఇరవై ఏళ్ళ కాపలా లేకపోతే ఒప్పందం వచ్చేది కాదు. ఒప్పందం రాకపోతే కాపలా ఇంకా సాగుతూ ఉండేది.

మీ మిత్రుడికి నా తరఫున ఒక సంఘటన గుర్తు చేయండి. సిందూర్ జరిగిన ఆరు నెలలకు, 2025 నవంబరు 10న, ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలింది. దర్యాప్తు సంస్థలు చెబుతున్న ప్రకారం ఆ కుట్రలో పాలుపంచుకున్నవారిలో వైద్యులు ఉన్నారు. శ్రీనగర్ శివారు నౌగాంలో గోడల మీద అంటించిన పోస్టర్ల గురించి పోలీసులు ఆరా తీయడంతో తీగ కదిలి, ఫరీదాబాద్‌లో దాచిన పేలుడు పదార్థాల నిల్వ బయటపడింది. ఆ నిల్వనంతా దాడులకు వాడి ఉంటే ఎన్ని ప్రాణాలు పోయేవో. సైన్యానికి ఎంత స్వేచ్ఛ ఇచ్చినా ఆసుపత్రిలో డ్యూటీ చేస్తున్న డాక్టరు మీదికి ఏ విమానాన్ని పంపగలం? మీ మేనమామ గారికి మాత్రం మోసుల్‌నూ, నియంత్రణ రేఖ వెంబడి 2004లో పూర్తయిన కంచెనూ, దాని వల్ల తగ్గిన చొరబాట్లనూ గుర్తు చేయండి. మన శ్రీహరికోట నుంచి 2009 ఏప్రిల్ 20న, ముంబై దాడి జరిగిన ఐదు నెలలలోగా, మబ్బులలోనూ చీకటిలోనూ చూడగలిగే రీశాట్-2 రాడార్ ఉపగ్రహాన్ని పంపిన సంగతి కూడా చెప్పండి. అలాంటి కళ్ళు లేకపోతే సరిహద్దులో జవాను గుడ్డివాడే.

ఇక మీ చివరి ప్రశ్న. సైన్యమా, పోలీసా అన్నది మీ స్వభావాన్ని బట్టి నిర్ణయించుకోండి. కొండల్లో దళాన్ని నడపాలని ఉంటే సైనికాధికారుల ఎంపికకు జరిగే సీడీఎస్ పరీక్ష రాయండి. ఒక కేసును సంవత్సరాల తరబడి విడవకుండా పట్టుకునే ఓపిక ఉంటే పోలీసు శాఖ, ఎన్ఐఏ మీకు తగినవి. నన్నడిగితే ఈ రోజు దేశంలో కొరతగా ఉన్నది రెండో రకం వారే. ఎందులో చేరినా, మీరు పనిచేయబోయే చోటి భాషను అక్కడికి వెళ్ళిన మొదటి నెల నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టండి. సరిహద్దు మండలాలలో పెరిగిన మన పిల్లలకు తమిళం ఎలాగూ వచ్చు, ఉర్దూ రాయడం, చదవడం తిరుపతిలో ఉండగానే నేర్చుకోవచ్చు. నేను కాశ్మీరీ నేర్చుకున్నది రెండో విడతలో. ఆ తలుపు విరిగిన ఊరికి మళ్ళీ వెళ్ళి ఆ పెద్దాయనతో ఆయన భాషలోనే మాట్లాడినప్పుడు, ఆ రాత్రి గొర్రెల కాపరి చెప్పిన మాటలు ఎలా ఉండి ఉంటాయని అడిగాను. ఆయన అర్థం చేసుకొని, పక్క వీధి చివర పిడుగు పడి సగం ఎండిపోయిన అక్రోటు చెట్టును చూపించారు. ఎండిన చెట్టు అన్న ఒక్క మాట మూడు భాషలు దాటి నా దాకా వచ్చేసరికి జారిపోయింది.